నాలుగున్నర శ్రుతి

వచ్చే జూన్ నుంచి మ్యూజిక్ పీరియడ్ ఉండకపోవచ్చని దయాకర్ గారు చెబుతున్నప్పుడు నేను ఆయన మొహం చూడలేదు. బల్ల మీద గాజు పలక కింద ఉన్న టైం టేబుల్ చూస్తున్నాను. బుధవారం కింద, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి వరకు, నిలువుగా ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో 'మ్యూజిక్' అని రాసి ఉంది. వారంలో నాకున్నది ఆ నిలువు గీత ఒక్కటే.

దయాకర్ గారు జనగామ వైపు మనిషి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి, నాచారంలో రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని ఈ బడి పెట్టారు. చెడ్డ మనిషి కాదు. చెప్పడానికి ఇబ్బంది పడుతున్నారని పేపర్ వెయిట్ తిప్పుతున్న తీరులో తెలుస్తోంది. మల్లాపూర్‌లో పక్క స్కూల్లో అబాకస్ లెక్కలు మొదలుపెట్టారట. తల్లిదండ్రులు వచ్చి మీ దగ్గర లేదా అని అడుగుతున్నారట. పైగా మొన్న యాన్యువల్ డే నాడు రెండో తరగతి పాటకి వెనక నిలబడ్డ పిల్లల పెద్దవాళ్ళు, మా పాప స్టేజీ మీద ఉత్తగా మూతి ఆడించింది, పాడలేదు, దానికి డ్రెస్సు ఎందుకు కుట్టించామని నిలదీశారట.

"మేడం, నాకు మ్యూజిక్ తీసెయ్యాలని లేదు. మార్చిల ప్రోగ్రెస్ కార్డులకు పేరెంట్స్ వస్తరు గదా, ఆ శనివారం రెండో తరగతితోని ఒక్క పాట పాడించున్రి. కానీ అందరు పాడాలె. పది మంది పాడి ముప్పై మంది నోర్లు ఆడిస్తే ఇగ నేను ఏం చెయ్యలేను."

సరేనన్నాను. నలభై మందీ పాడితే బుధవారం ఉంటుంది, లేకపోతే ఉండదు. అంత స్పష్టంగా నా జీవితంలో ఎవరూ నాకు ఏదీ చెప్పలేదు.

బుధవారం పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఉప్పల్‌లో నేనుండేది మేడ మీద ఒంటి గది. కింద ఇంటామె వెంకటనర్సమ్మ, మెట్ల దగ్గర నిలబడి పొద్దున "మోటర్ ఏస్తున్నా" అంటుంది, కాసేపయ్యాక "బంద్ జేసిన" అంటుంది. ఆ రెండు మాటల మధ్య ట్యాంకు నిండుతుంది. రోజుకి నాతో మరొకరు మాట్లాడే మాటలు దాదాపు అంతే. చౌరస్తా వైపు మెట్రో స్తంభాల కోసం భూమి తవ్వే యంత్రం పగలంతా ఒకే స్వరం పట్టుకుని ఉంటుంది. అది మధ్యమానికి కొంచెం తక్కువ. మనుషుల మాటలు లేని చోట చెవి ఇలాంటి లెక్కలకి అలవాటు పడుతుంది.

ఈ బడికి రాకముందు ఇరవై ఏళ్ళకు పైగా నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. ఆ ఫ్యాక్టరీతో మాట్లాడిన వాళ్ళందరికీ నా గొంతు తెలుసు, నా మొహం తెలియదు. త్రిపురసుందరి అనే నేను వాళ్ళకి ఒక గొంతు. తర్వాత ఎవరికి కావలసిన నంబరు వాళ్ళే నొక్కుకునే యంత్రం వచ్చింది. ఆపరేటర్ గదిలో ఫైళ్ళు పేర్చారు. నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. స్వచ్ఛందం అనే మాట దరఖాస్తులో నేనే నింపాను కాబట్టి అది నిజమే అయి ఉండాలి.

పాఠం ఎప్పుడూ మంగళవారం మధ్యాహ్నం రాసుకుంటాను. శ్రుతిపెట్టె ఆన్ చేసి, శ్రుతి మార్చడానికి తిప్పే దాని చెవి నాలుగున్నర దగ్గర పెట్టి, ముందు ఆధార షడ్జం, తర్వాత స-ప-స, తర్వాత సరళీ వరుసలో సగం, చివర పాట. రాస్తున్నంతసేపూ తలలో క్లాసు వినిపిస్తూ ఉంటుంది. నలభై మందీ తప్పు లేకుండా పాడతారు. ఆ వారం మంగళవారం పెన్సిల్ ఆపి వింటే ఒక సంగతి గమనించాను. నా ప్లాన్లలో పిల్లలందరూ నా గొంతుతోనే పాడుతున్నారు.

ఆ నాలుగున్నర శ్రుతి కూడా నిజానికి నాది కాదు. ఏలూరులో నాకు సంగీతం చెప్పిన పద్మావతి గారిది. ఆవిడది బరువైన గొంతు. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, శ్రుతి గురువుది, గొంతు శిష్యురాలిది, గొంతే శ్రుతి దగ్గరికి రావాలి అన్నారు. మా అందరికీ అదే పద్ధతి. గురువు ఏ శ్రుతిలో పాడితే శిష్యులు ఆ శ్రుతిలో పాడాలి. నాకు మొదట్లో గొంతు నొప్పి పుట్టేది. అది సాధన అని చెప్పారు. కొన్నాళ్ళకి నొప్పి పోయింది, గొంతు కిందికి దిగింది, అదే నా గొంతు అనుకున్నాను. టెలిఫోన్‌లో దాన్నే అందరూ బాగుందన్నారు.

ఆ పద్ధతే నేనూ తెచ్చాను. జూన్‌లో మొదటి బుధవారం ఒక్కొక్కరి చేతా 'స' పాడిస్తాను. నా షడ్జంలో నిలిచిన వాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. నిలవని వాళ్ళు వెనక. వెనక వాళ్ళు తాళం వేస్తారు, స్టేజీ ఎక్కితే పెదవులు కదుపుతారు. పద్మావతి గారింట్లోనూ అంతే. నేను విసుక్కోలేదు, ఎవరినీ కించపరచలేదు, చాలా మెత్తగా చెప్పేదాన్ని. ఒక పిల్ల 'స' అనబోయి గొంతు దొరక్క ఎలుగుబంటిలా గుర్రుమంటే నాకు లోపల కలిగేది కోపం కాదు, ఊరట. దీనికి శ్రుతి లేదు, నాకుంది. శ్రుతి ఉన్నవాళ్ళు కొద్దిమందే కాబట్టి నేను ఒంటరిగా ఉండటంలో వింత ఏమీ లేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అతుకు ఎవరూ చూడనంతకాలం అది గట్టిగానే ఉంటుంది.

దయాకర్ గారి షరతు ఆ అతుకు మీద పడింది. ఇప్పుడు వెనక వరస కూడా పాడాలి.

పాట నేనే కట్టాను. పిల్లల ఇళ్ళలో పొద్దున్నే వినిపించేది కుక్కరు కూత కాబట్టి దాని మీద. 'కూత పెట్టె కుక్కరమ్మ, మూత తియ్యి అమ్మమ్మ' అని మొదలవుతుంది. పిల్లలు మాటలు ఒక్కసారికే పట్టుకున్నారు, నవ్వారు. బరువు పెట్టాక ఎన్ని కూతలు రావాలో మా ఇంట్లో నాలుగు, మా ఇంట్లో మూడు అని వాదించుకున్నారు. నేను నాలుగున్నరలో పాడి వినిపించి అందరినీ పాడమన్నాను.

వచ్చింది పాట కాదు. ముందు వరస పాడింది. మిగతా ముప్పై గొంతులు కిందికి దిగడానికి పెనుగులాడి, కొన్ని గుర్రుమని, కొన్ని అరుపై, కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. వెనక కూర్చుని కాపీలు దిద్దుకుంటున్న క్లాస్ టీచర్ త్రివేణి తలెత్తింది. త్రివేణి పాతికేళ్ళ పిల్ల, మల్కాజిగిరి నుంచి వస్తుంది, దేనికైనా ముందు నవ్వి తర్వాత మాట్లాడుతుంది.

"మేడం, గిది కుక్కర్ కాదు, మన గల్లీల లారీ రివర్సు తీస్తున్నట్టున్నది."

పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. వెనక బెంచీలో దీప మాత్రం నవ్వలేదు. తను యాన్యువల్ డే నాడు పెదవులు కదిపిన పిల్ల. నలభై మందిలోనూ నా వైపు అంత శ్రద్ధగా చూసే పిల్ల లేదు. అది అభిమానం అనుకుంటూ వచ్చాను. ఆ రోజు చూస్తే, తను చూస్తున్నది నన్ను కాదు, నా నోటిని. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అని. బెల్లు కొట్టాక దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, శనివారం నేను నిజంగ పాడాల్నా, యాక్టింగేనా?"

పాడాలి అన్నాను. తను తలూపి, నమ్మకుండానే వెళ్ళిపోయింది. షేర్ ఆటోలో ఉప్పల్ చేరేదాకా ఆ ప్రశ్నలోని రెండో సగం నా పక్కన కూర్చుంది. యాక్టింగ్ అనే మాట ఆ పిల్లకి నేర్పింది నేను. ఒక ఏడేళ్ళ పిల్ల తన గొంతుకి చోటు లేదని ఒప్పుకుని, పెదవులు మాత్రం అప్పగించింది. అంత చిన్నప్పుడు నేర్చుకున్న పెదవులు తర్వాత ఎక్కడికి వెళ్ళినా అలాగే కదులుతాయి. నాకు తెలుసు.

తర్వాతి బుధవారం పొద్దున బ్యాటరీ ఉందో లేదో చూడటానికి శ్రుతిపెట్టె ఆన్ చేసి, ఆపడం మరిచి సంచిలో పెట్టుకున్నాను. ఆటో చప్పుడులో వినిపించలేదు. రెండో తరగతి గుమ్మంలోకి అడుగుపెట్టగానే నలభై మందీ లేచి నిలబడ్డారు, ప్రతి క్లాసులో ప్రతి టీచరుకీ చెప్పినట్టే సాగదీసి, "గూ...డ్ మా...ర్నింగ్ మే...డమ్" అన్నారు.

సంచిలోంచి వస్తున్న నా షడ్జం ఆ పలకరింపుకి తగిలి గీరుకుపోయింది. రెండు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే చెవికి తెలిసే కంపనం అది, తంబూరా తీగ బిగించేవాళ్ళు దాన్ని పట్టుకునే బిగిస్తారు. కానీ అది రావాలంటే రెండు వైపులా స్వరం ఉండాలి. వట్టి గోలకి అలా తగలదు. అంటే పిల్లలు, అందరూ కలిసి, ఒక స్వరం మీద ఉన్నారు.

కూర్చోమన్నాను. "థాం...క్యూ మే...డమ్" అన్నారు. అదే స్వరం.

సంచి బల్ల మీద పెట్టి, పెట్టె బయటికి తీసి, దాని చెవి మీద చెయ్యి వేసి గుమ్మం బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్ళీ లేచి చెప్పారు. చెవి పైకి తిప్పాను. ఇంకా తగులుతోంది. మళ్ళీ వెళ్ళి వచ్చాను. ఐదు, ఆరు, ఏడు దాటి, పై స్థాయిలో మళ్ళీ ఒకటి, ఒకటిన్నర. త్రివేణి కాపీల మీద ఎర్ర పెన్ను ఆపేసింది.

"ఏంది మేడం, ఇయ్యాల గుడ్ మార్నింగులు మస్తు గావాల్నా మీకు? దయాకర్ సార్ గూడ ఇన్ని చెప్పించుకోడు."

పై రెండు దగ్గర చెవి ఆగింది. పిల్లలు పలకరింపు చెప్పారు, పెట్టె మోగింది, రెండూ ఒకదానిలోకి ఒకటి దిగి ఒకటే ధ్వని అయ్యాయి. ముందు వరస లేదు, వెనక వరస లేదు. దీప నోరు తెరిచి ఉంది, దానిలోంచి వస్తున్నది గొంతు.

ఏడాది పొడవునా ప్రతి బుధవారం నేను గుమ్మంలోకి రాగానే నలభై మందీ వాళ్ళ శ్రుతి ఇదని నాకు చెబుతూ వచ్చారు. నేను దాన్ని మర్యాద అనుకుని, తలూపి, వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళకి శ్రుతి లేదని రాసుకున్నాను.

ఆ క్లాసులో పాట పాడించలేదు. పలకరింపునే సాగదీయించాను. 'గుడ్' మీద నిలబడమన్నాను, 'మేడమ్' దగ్గర ఒక మెట్టు పైకి ఎక్కమన్నాను, దిగమన్నాను. చేత్తో గాలిలో మెట్లు చూపిస్తే వాళ్ళు ఎక్కి దిగారు. వాళ్ళకి అది ఆట. త్రివేణి కూడా గొంతు కలిపింది. పాతికేళ్ళ గొంతుకి ఆ మెట్లు సులువే.

నాకు కాదు. ఆ సాయంత్రం మేడ మీద గదిలో పెట్టె రెండు దగ్గర పెట్టి కుక్కరు పాట పాడబోయాను. షడ్జం పలికింది. పంచమం దాకా నెట్టుకొచ్చాను. అక్కడి నుంచి పైకి వెళ్ళబోతే గొంతు చీలిపోయింది. మళ్ళీ పాడాను, మళ్ళీ అక్కడే చీలింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. వెంకటనర్సమ్మ గుమ్మం దాకా వచ్చింది, ఈ ఇంట్లో చేరాక అది మొదటిసారి. పానం బాలేదా, దవాఖానాకి పోదామా అని అడిగింది. బాగానే ఉన్నాను, పాడుతున్నానన్నాను. ఆమె అట్లనా అని, కిందికి వెళ్ళిపోయింది. ఇంకొక్క మాట అడిగి ఉంటే కూర్చోమనేదాన్ని.

శనివారానికి రెండు దారులున్నాయి. నాలుగున్నరలో నేనూ ముందు వరసా పాడటం, వెనక వాళ్ళు ఎప్పటిలా పెదవులు కదపడం. అప్పుడు నా గొంతు వినిపిస్తుంది, బుధవారం పోతుంది. లేదా రెండులో వాళ్ళందరూ పాడటం, నేను నోరు మూసుకుని నిలబడటం. అప్పుడు బుధవారం ఉంటుంది. లెక్క ఇంత తేలిక అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనుషుల్లోకి వెళ్ళడానికి నా దగ్గర ఎప్పుడూ ఉన్నది గొంతు ఒక్కటే. అది ఇంట్లో పెట్టి వెళితే, వాళ్ళ ముందు నిలబడేది ఎవరు?

అయినా ప్లాన్ కొత్తగా రాశాను. మొదటి అంశం, టీచర్ గుమ్మంలోకి రావడం. రెండోది, పిల్లల పలకరింపు. మూడోది, శ్రుతిపెట్టెని పలకరింపుతో కలపడం. పలకరింపు నుంచి పాటలోకి దిగడం. 'టీచర్ పాడి వినిపించవలెను' అని ప్రతి పాఠంలో రాసే వాక్యం ఈసారి రాయలేదు. కాగితం మీద ఆ చోటు ఖాళీగా కనిపించింది కాసేపు, తర్వాత కనిపించలేదు.

మిగిలిన రెండు బుధవారాలూ అలాగే చేయించాను. చెయ్యి చూపించాను, పెట్టె మోగించాను. ఒక పిల్ల తప్పితే పక్క పిల్లని విని సర్దుకునేది. ఆ రెంటిలో మొదటి బుధవారం దీప నా నోటి వైపే చూస్తూ నిలబడింది. నా నోరు మూసి ఉంది, తనకి అనుకరించడానికి ఏమీ దొరకలేదు. చాలాసేపు అలాగే చూసి, చివరికి చూపు తిప్పుకుని, పాడింది.

శనివారం తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డులు చేతుల్లో పట్టుకుని క్లాసు గోడల వెంట నిలబడ్డారు. ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, టై కట్టుకున్నవాళ్ళు, చంకలో పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. దయాకర్ గారు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర ఉన్నారు. నేను బయటి నుంచి లోపలికి వచ్చాను. నలభై మందీ లేచి పలకరించారు. ఆ పలకరింపు ఆగకుండానే పాటయింది. కుక్కరు కూత దగ్గర ముప్పై మంది పైకి వెళ్ళారు, పది మంది వెళ్ళబోయి నవ్వారు, మళ్ళీ కలిశారు. ఒక తండ్రి తన కూతురి నోటి దగ్గరికి వంగి చెవి పెట్టి విన్నాడు, నిజంగానే పాడుతోందా అని. లేచి భార్య వైపు తలూపాడు.

అందరూ వెళ్ళాక దయాకర్ గారు నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. సంతోషంగా ఉన్నారు. మ్యూజిక్ తీసెయ్యడం లేదన్నారు. తీసెయ్యకపోవడమే కాదు, వారానికి ఒక రోజు కాకుండా రోజూ పది నిమిషాలు పెడదామన్నారు. అయితే అది క్లాస్ టీచర్లే చేయిస్తారట.

"మీరు ఒక్క ముక్క పాడలే మేడం, అయినా పిల్లలు మంచిగ పాడిన్రు. మీరు ఏడాదికి సరిపోను ప్లాన్ రాసియ్యున్రి, ఆ డబ్బా జర చూపెట్టున్రి. త్రివేణి మేడం చేయిస్తది. మీకు గూడ ఉప్పల్ నుంచి తిరుగుడు తప్పుతది."

ఆయన దాన్ని నాకు మేలుగానే చెప్పారు. గ్లాసులో చాయ్ మీద మీగడ కడుతోంది. ఎవరికి కావలసిన నంబరు వాళ్ళే నొక్కుకుంటారు. గదిలో ఫైళ్ళు పేరుస్తారు. ఈసారి ఆ యంత్రాన్ని నేనే తయారుచేసి బిగించి ఇచ్చాను. సరేనండి అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. ఆ మాట నాకు ఎప్పుడూ మిగతా మాటలకంటే ముందే వస్తుంది, నాలుగున్నర శ్రుతిలో, చాలా బాగా.

దాన్ని ఆపాను. ఆపిన చోట ఏమీ లేదు.

"ప్లాన్ రాసిస్తానండి. కానీ బుధవారం నేను వస్తాను."

ఆయనకి అర్థం కాలేదు. "వచ్చి ఏం చేస్తరు మేడం?"

"వింటాను. వెనక కూర్చుంటాను."

ఆయన నా మొహంలో ఏం చూశారో తెలియదు. పేపర్ వెయిట్ రెండుసార్లు తిప్పి, మీ ఇష్టం మేడం, స్కూలు మీదే అన్నారు. అందరితోనూ అనే మాటే అది.

జూన్‌లో బడి తెరిచాక మొదటి బుధవారం వాన పడింది. నాచారం రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళలో ఆటో ఆగిపోతే మిగతా దూరం నడిచాను. పిల్లలు మూడో తరగతికి వెళ్ళారు, త్రివేణి కూడా వాళ్ళతో పాటే పై క్లాసుకి మారింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాను. నేను ఇటు నుంచి లోపలికి వెళితే వాళ్ళు లేస్తారు. వెనక తలుపు నుంచి వెళ్ళి చివరి బెంచీలో దీప పక్కన కూర్చున్నాను. బెంచీ చిన్నది. మోకాళ్ళు డెస్కుకి ఆనుకున్నాయి. దీప నా తడిసిన చీర అంచు చూసి, తన సంచి పక్కకి జరిపింది, అంతే.

ముందు గుమ్మంలోంచి త్రివేణి వచ్చింది. చేతిలో, నేను ఇచ్చివెళ్ళిన నా శ్రుతిపెట్టె. నలభై మందీ లేచారు. కూర్చుని ఉండటమా లేవడమా అని నేను ఆలోచించేలోపే నా మోకాళ్ళు డెస్కు నుంచి విడివడ్డాయి. పలకరింపు నా చుట్టూ లేచింది. నా వైపు రావడం లేదు, ముందుకి వెళుతోంది. అది నాకు చెప్పింది కాదు. ఆ సంగతి వచ్చి తగిలింది, నొప్పిగానే.

నోరు తెరిచాను. షడ్జం ఒక్కటే కదా, అంతవరకు గొంతు వెళుతుంది. వెళ్ళింది. ఇన్నేళ్ళలో నేను పాడినప్పుడల్లా గదిలో వినిపించింది నా గొంతే. ఇప్పుడు దాని కోసం విన్నాను. ఎంత విన్నా దొరకలేదు. దీపదీ దొరకలేదు. ఉన్నది ఒకటే ధ్వని, బయట వాన.

త్రివేణి చివరి బెంచీ వైపు చూసి, నవ్వు ఆపుకుని, కూర్చోమంది.

"థాం...క్యూ మే...డమ్" అన్నాం.